మూడో పట్టీ

శుక్రవారం. జుమ్మా నమాజుకు ఇంకా రెండు గంటలు.
అమ్‌ఘరా తుక్కు దుకాణాల ఎనుక, రేకుల షెడ్డు కింద
మా ముసలిది పండుకోని ఉన్నది.
మాక్ లారీ. అరవై రెండు మోడలు.
మూతి మీద గిల్టు కుక్క,
దానికి ఒక చెవి లేదు.

బూ మిషారి దీన్ని కొన్ననాడు
డ్రైవర్ సీట్ల పావురాలు గుడ్లు పెట్టి ఉన్నయి.
పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయేదాక
షెడ్డుకు తాళమేసి ఊకున్నడు.
చమురు బావులకు పైపులు మోసిన బండి,
పావురాలు ఏం బరువు, అన్నడు.

నా అరబ్బీ వంకర, ఆయన హిందీ సినిమాలది.
మిగిలింది ఇంజను మాట్లాడుతది.
పొగ నల్లగొస్తె ఇద్దరం ఒక్కతీరుగనే
నాలుక చప్పరిస్తం.

నాకు ఈ చెవి ఇచ్చింది మా మేనమామ.
బాయి గడ్డ మీద ఆయిలింజనుండె.
హ్యాండిల్ తిప్పి, పుల్ల పడేసి, తల వంచి వినేటోడు.
"జలుబు జేసిందిరా దీనికి" అనేటోడు.
కరెంటు మోటరొచ్చినంక
దాన్ని కిలోల లెక్కన అమ్మిండు.
కాంటా దిక్కు చూడకుండ
అటు మర్రి బీడీ ముట్టించుకున్నడు.
ఒక్క అగ్గిపుల్లకు అంటలే, నాలుగు గీసిండు.
నాకప్పుడు పదకొండేండ్లు.
ఆ వాసన, డీజిలుది, తడి మన్నుది,
ఇక్కడ సగమే దొరుకుతది.

సందెకు వాళ్లంత వస్తరు,
తెల్ల దిష్‌దాషాలకు గ్రీజంటితె ఫికరు లేనోళ్లు.
జహ్రా నుంచొకాయన గుండు మూతి బెంజి తోలుకొస్తడు.
ఇంకొకాయన హారను కోసం
దమ్మాం దాక పోయి ఉత్త చేతులతోటి వచ్చిండు.
పిల్లను చూసొచ్చినట్టు
ఇంజెక్టరు పంపు ముచ్చట్లు చెప్పుకుంటరు.
అసలుదేనా, అసలుదేనా,
ప్రతి నట్టును అదే అడుగుతరు.

బూ మిషారికి గూడ అసలుదే కావాలె.
అమెరికా నుంచి చెక్కపెట్టెల
కమాన్ పట్టీలు తెప్పిచ్చిండు,
ఇంకా నూనె కాగితం విప్పలేదు.

మొన్న ఎడమ తలుపు రేకు ఊడదీసిన.
లోపలి దిక్కు, తుప్పు నడుమ,
మొలతోటి గీకిన తెలుగు.
ముందుగాల తుప్పే అనుకున్న.
బట్టతోటి తుడిచి, ఫోను లైటు పెట్టి చదివిన:

"కుడి కమాను మూడో పట్టీ మార్చిన.
ఎండ మస్తుగున్నది.
దుబ్బ లసుమయ్య, కొడిమ్యాల. 81."

మ కింద య వత్తు ముందు మరిచి,
ఎన్కకొచ్చి ఇరికిచ్చిండు.

లారీ కిందికి పాకిన.
పదకొండు పట్టీలు. మూడోది రంగు వేరు,
ఏ లారీదో కోసి, కొలిమిల ఒంచి,
సుత్తెతోటి సాపు చేసింది.
సుత్తె దెబ్బలు చేతికి తగిలినయి.
పైనా కింద అమెరికావి చిట్లినయి.
అది చిట్లలే.

ఏం రాసుంది, అని అడిగిండు బూ మిషారి.
చదివి చెప్పిన. ఎండ సంగతి గూడ చెప్పిన.
ఆయన చానా సేపు ఆ రేకునే చూసి
"ఇక్కడ రంగెయ్యకు" అన్నడు.
మరి పట్టీ?
"పట్టీ అసలుది కాదు గదా," అన్నడు మెల్లగ.
నేను ఏమనలే. బండి ఆయనది.
"తీసినంక నాకిస్తవా?"
ఎందుకని అడగలే.
పావురాలకు ఆగిన మనిషి.

కొత్త పట్టీలు బిగిచ్చిన, బోల్టులు గట్టిగ గుంజిన.
రేకు మూసే ముందు
లసుమయ్య రాత కింద అదే మొలతోటి
నేనొక్క మాట గీకిన: "తీసిన."
పేరు రాయలె.

ఇప్పుడది నా మంచం కింద, గోనె సంచిల.
రూముల ఓదెలు నవ్వుతడు:
"అందరు బంగారం తీస్కపోతరు,
నువ్వు ఊరికి ఇనుము మోస్తవారా!"
పై నెల సెలవు. ముప్పై కిలోలు ఇడుస్తరు.
సూట్‌కేసులు తూచే కొక్కెం కాంటాకు
పట్టీని తగిలిచ్చి ఎత్తిన.
ముల్లు ఊగి ఊగి నిలవడ్డది.
ఈసారి నేను అటు మర్రలేదు.
పద్నాలుగు.
ఇంకా పదహారు కిలోల జాగున్నది.