బోర్లించిన బూట్లు

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక
అనేది మా నాయనమ్మ.
నార్విచ్‌లో నాకు రెండింటితోనూ పని.
వాన సంగతి ఫోను చెబుతుంది:
రేపు, శనివారం, పదకొండుంబావుకి.
రెండోదానికి వార్డులో మిషన్లున్నాయి,
అవి కూతపెట్టేసరికే ఆలస్యం.

నైట్ డ్యూటీ దిగొచ్చి, పడుకోకుండా
వాల్సింగమ్ నడకకి సంచులు సర్దుతున్నాను.
సోనామసూరి బస్తా కుట్లు విప్పి పరిస్తే
నలుగురికి చాప, కింద తడి ఎక్కదు.
సాక్సులు జతకొక ఫ్రీజర్ కవరులో.
పులిహోర ఫాయిల్లో.
గొడుగులొద్దని బాలశౌరికి మూడుసార్లు చెప్పాను,
ఆ జనంలో గొడుగంటే పక్కవాడి కన్ను.
పౌండ్ షాపు వానకోట్లు నిరుడు మెడ దగ్గరే చిరిగాయి,
ఈసారి ఒకదాని మీద ఒకటి.

నిరుడు.
ఆ సన్న దారి, రెండు పక్కలా ముళ్లకంచె,
ఇసకేస్తే రాలనంత జనం.
ఇసక రాలదు సరే, వాన రాలింది.
చిన్నోడి చెయ్యి నా చేతిలోంచి సబ్బుముక్కలా జారింది.
వాడి మణికట్టు మీద బాల్‌పెన్నుతో రాసిన నా నంబరు
పదకొండు అంకెల్లో నాలుగే మిగిలాయి.
పందొమ్మిది నిమిషాలు.
ఎవరో ఐరిష్ పెద్దాయన భుజాల మీద
బిస్కెట్ తింటూ కనబడి
"ఎక్కడికెళ్లావమ్మా?" అన్నాడు నన్నే.

అందుకే ఈసారి బట్టలకి గుర్తులేసే ఇంకు,
రెండు చేతులకీ, మెడ వెనకా.
మందుసీసాలా ఉన్నానన్నాడు.
ఉండు నాన్నా, అలాగే ఉండు.

తొమ్మిదో బెడ్డు డోరీన్‌కి ఈ గోలంతా చెప్పాను మొన్న,
బీపీ చూస్తూ.
ఆమెది ఆ దారి పక్క పల్లె.
దేవుడి మీద నమ్మకం లేదు, టీ మీద ఉంది.
పదేళ్లప్పుడు
గుడి దగ్గర విప్పేసి ఆ మైలు ఉత్తకాళ్లతో నడిచేవాళ్ల బూట్లకి
కాపలా కూర్చునేదట, జతకి అరపెన్నీ.
"అన్నీ తెచ్చుకుంటారు మీరు, ఒకటి మర్చిపోతారు.
చినుకు పడగానే బూట్లు బోర్లించాలి.
తిరిగొచ్చి కాలు పెడితే లోపల నీళ్లుంటే
ఎంత ప్రార్థన చేసొచ్చినా
నోట్లోంచి వచ్చేవి బూతులే."
నవ్వబోయి దగ్గింది. ఆక్సిజన్ గొట్టం సర్దాను.
"నా పేరున కొవ్వొత్తి మాత్రం పెట్టకు,
తడిసి ఆరిపోయేదానికి డబ్బులు దండగ."

ఈ పొద్దున నేను వచ్చేటప్పుడు నిద్రపోతోంది.
మిషను కూడా ఊరుకుంది.
మంచం కింద ఆమె ఉన్ని చెప్పులు
నడిచిపోయేవాళ్లవిలా తలుపు వైపు తిరిగి ఉన్నాయి.
వంగి, మంచం వైపు తిప్పి పెట్టాను.

సంచులయ్యాయి. బయట ఎండ.
హాల్లో, కార్పెట్ మీద
నాలుగు జతలూ వరసగా బోర్లించాను.
బాలశౌరి చూసి
"ఇంట్లో వానేంటే?" అన్నాడు.