పేజీకి ఇరవై సెంట్లు

ఫుట్‌స్క్రే లైబ్రరీలో మంగళవారం సాయంత్రం.
ప్రింటరు పేజీకి ఇరవై సెంట్లు మింగుతుంది.
నా పరిశోధన పత్రం ముప్పై ఆరు పేజీలు;
చిల్లర చాలక నాలుగే తీశాను.

రిటైరైన ట్రామ్ డ్రైవరు కార్మెనూ
కళ్లద్దాలు నుదుటికెత్తి, పెదవులు కదుపుతూ,
వేలితో వరస పట్టుకుని చదివాడు.
రెండో పేరాలో వేలు ఆగిపోయింది.

"నా ట్రామ్‌లో ఒక పెడల్ ఉండేది.
నేను కుప్పకూలి కాలు జారితే
బండి దానంతటదే ఆగేది.
మీ యంత్రానికి ఆ పెడల్ ఎక్కడుంది?"

మూడేళ్లుగా వెతుకుతున్నది దాన్నే.
పదకొండు సమీకరణాల్లో చెప్పాను,
చందా కట్టినవాళ్లకే తలుపు తీసే గదిలో.
అక్కడెవరూ ఇంత చిన్న మాటతో అడగలేదు.

"ఇంకా దొరకలేదు," అన్నాను.

"అయితే ఆ ముక్క మొదటి పేజీలో రాయమ్మా.
ఎక్కేవాళ్లకు తెలియొద్దూ?"

దీపాలు ఒక్కొక్కటే ఆర్పుతున్నారు.
కాగితం తిరగేసి, తెల్లగా ఉన్న వైపు
తెలుగులో మొదలుపెట్టాను, ముందు నాకు అర్థం కావాలని:

కాలు తీస్తే ఆగాలి.
ఆగుతుందో లేదో
మాకింకా తెలియదు.