సుద్ద గీత

సిరోంచ బస్టాండు ఎనుక, నా లేత్ మిషను ముందర
గోనెసంచిల సుట్టి తెచ్చి పడేసిండ్రు దాన్ని.
చైన్ హార్వెస్టరు కింది రోలరును మోసే షాఫ్టు.
మూరెడు పొడుగు, మణికట్టంత లావు.
చూస్తే తిన్నగనే ఉన్నది.
వంగిందని చెయ్యి వంచి చూపెట్టిండు
ఆత్తూరు నుంచి వచ్చిన డ్రైవరు సెల్వం.
మా ఇద్దరికి కలిసిన భాష గంతే.

గట్టు దిగుతుంటే
బురదల పూడిన తుమ్మమొద్దు తాకిందట.
చైను జారింది.
సగం కోసిన పొలంల మిషను
కాలు మెలిపడ్డ బర్రె తీరు
ఒక పక్కకు ఒరిగి కూసున్నది.

కొత్తది నాగ్‌పూర్ నుంచి రావాలె, మూడు రోజులు.
మబ్బు మూడు రోజులు ఆగేటట్టు లేదు.
మిగిలిన మూడెకరాలు కుర్సం జంగుబాయివి.
ఆమె ఏమీ అడుగలె.
గడప మీద కూసోని
కొంగుల మూటగట్టిన వడ్లు ఒక్కొక్కటే
పంట కొరికి పదును చూసుకుంటున్నది.

లేత్‌కెక్కించి మెల్లగ తిప్పిన.
సుద్దముక్క దగ్గరికి పట్టిన.
తిన్నని ఇనుముకు సుట్టూ గీత పడ్తది,
వంగినదానికి ఒక్క దిక్కే.
గోరంత తెల్ల మరక.
అగో, అక్కడ ఉబ్బు.

సెల్వం సమ్మెట ఎత్తిండు.
వద్దన్న.
కొడితే ఇంకో దిక్కు వంగుతది.
ఇనుముకు కోపం చూపెట్టకురా, అది మర్చిపోదు అనేటోడు
మా చిన్నాయిన ఓదెలు, కొలిమి కాడ.
ఆయన కోపమంతా మా మీదనే చూపెట్టిండు, అది ఏరే ముచ్చట.

గ్యాసు మంట సక్కగ ఉబ్బు మీదనే పెట్టిన.
చూసేటోనికి ఉల్టా అనిపిస్తది,
కాలిస్తే ఇంకింత ఉబ్బదా అని.
ఉబ్బింది, నిజమే.
పండు మిరపకాయ రంగుకు రాంగనే
తడి గోనె కప్పిన.
సుయ్‌మన్నది.
సల్లారుకుంట సల్లారుకుంట
కాలిన దిక్కే ముడుచుకొని
తనను తాను గుంజుకున్నది.

మళ్ళ సుద్ద. గీత జరంత సాగింది.
మళ్ళ మంట.
మళ్ళ సుద్ద పట్టేటాల్లకు కరెంటు పోయింది.
ఎవలూ చెప్పకముందే జంగుబాయి లేచి వచ్చి
బెల్టు చేత్తోని తిప్పింది,
ఇసుర్రాయి తిప్పినట్టు, ఆగకుంట, ఉరుకకుంట.
మోటారు కూడ గంత సమంగ తిప్పది.

ఐదోసారికి గీత సుట్టు తిరిగొచ్చి
మొదలును కలిసింది.
పూరాగ కలువలె. వెంట్రుకంత ఎడం.
కాలిన ఇనుముకు మునుపటి బిగువు కూడ ఉండదు.
నడుస్తదా అన్నట్టు తల ఎగరేసిండు సెల్వం.
మూడు ఏళ్ళు చూపెట్టిన.
మూడెకరాలు నడుస్తది.
ఆ తర్వాత నాగ్‌పూరుకు ఫోన్ చేసుకో.

నడిజామున ప్రాణహిత దిక్కు నుంచి ఇంజను సప్పుడు.
మంచంల పండుకొని ఇంటున్న.
సుట్టుకొక్కపారి
టక్‌మంటున్నది,
వెంట్రుకంత.
పక్కన మా ఇంటామె నిద్రపోతున్నది.
ఈ ఊర్లె అది నాకొక్కనికే ఇనవడ్తది.