అతుకు పరీక్ష

షిప్‌యార్డులో నా పని చప్పుడు పంపడం.
ఉక్కు పలక మీద గంజిలాంటి జెల్ రాసి, ప్రోబు ఆనించి
మనిషి చెవికి అందని చప్పుడొకటి లోపలికి వదులుతాను.
అతుకు బాగుంటే అది అవతలి అంచుదాకా పోయి తిరిగొస్తుంది.
బాగోకపోతే దారిలోనే దేనికో తగిలి వెనక్కొస్తుంది,
తెర మీద చిన్న ముల్లులా లేచి.

ఇరవై రెండేళ్ల సర్వీసు. ఒకటి చెప్పగలను:
బుడగ లేని వెల్డింగు ఈ రేవులో ఏ ఓడకీ లేదు.

మొన్న చినవాల్తేరు ఆసుపత్రిలో
మా అన్న పోలరాజు మోచేతి మడతలోంచి రక్తం తీశారు,
తర్వాత నాది.
ఏదో పరిశోధనట. డాక్టరమ్మ బాగా చిన్నపిల్ల.
తెల్లకాగితం మీద మా వంశాన్ని గీసింది,
మగవాళ్లు గళ్లు, ఆడవాళ్లు సున్నాలు,
జబ్బు వచ్చినవాళ్లకి నలుపు.
మా అన్న ఒక నల్ల గడి.
"ఇంకెవరైనా ఉన్నారా?"
నూకాలత్త గుర్తొచ్చింది.
"గంగమ్మ పూనేదనేవారు" అన్నాను.
పెన్ను కాసేపు ఆగి, ఆ సున్నాని సగం నింపింది.

ఆ సగం సున్నాలో, నాకు తెలిసి,
చీకట్లో తడుముకుంటూనే వల కన్నులు కుట్టే వేళ్లున్నాయి,
ఎండు నెత్తళ్లు వేపిన పొయ్యి ఉంది,
అర్ధరాత్రి ఇసకలో కూర్చుని ఎవరితోనో దెబ్బలాడే గొంతుంది.
కాగితంలో వాటికి గుర్తుల్లేవు.

"ఒక్క జన్యువు కాదండీ, వందలు.
ఒక్కోటీ ఆవగింజంత. అందరిలోనూ కొన్ని ఉంటాయి,
కొందరిలో ఎక్కువ పోగుపడతాయి.
ఆ పైన బతుకు ఎంత బరువు వేస్తుందో..."
ఆవిడ ఆగిపోయింది. మిగతాది నేను లోపల అనుకున్నాను:
రేవులో కట్టేసి ఉన్నంతకాలం ఏ అతుకూ విడదు.

నేను అడగాలని వెళ్లింది వేరే.
మా లిఖితకి పద్దెనిమిది నిండాయి.
అన్నకి మొదలైంది పందొమ్మిదిలో.

"లోకంలో నూటికి ఒకరికి వస్తుంది.
మీ అమ్మాయి లాంటి వాళ్లలో నూటికి ముగ్గురో నలుగురో.
అంటే తొంభై ఆరుగురికి రాదు కదండీ!"
లెక్క అర్థమైంది.
నాకు వందమంది కూతుళ్లు లేరు.

ఆ రాత్రి నుంచి ఇంట్లోనూ ప్రోబు దించలేదు.
అన్నం సగంలో వదిలేసి లేస్తే, ముల్లు.
తలుపు గట్టిగా వేసుకుంటే, ముల్లు.
మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన ఒక్కతే
గాల్లో చేతులు తిప్పుతూ మాట్లాడుతుంటే
మెట్ల మీదే నా కాళ్లు చచ్చుబడిపోయాయి.
వెనక్కి తిరిగింది. జుట్టు తప్పించి చెవి చూపించింది.
"ఇయర్‌ఫోన్లు నాన్నా.
నువ్వలా చూస్తుంటే నాకే పిచ్చెక్కేలా ఉంది."
అన్నాక నాలుక కరుచుకుంది.
కింద గదిలో పెదనాన్న దగ్గుతున్నాడు.

ఉక్కులో పెద్ద లోపం దొరికితే తొలిచి మళ్లీ అతుకుతారు.
కొంచెమే అయితే చుట్టూ సుద్దతో గీసి
'సమ్మతం' అని రాసి ఊరుకుంటాం.
ఆ పలకలే సముద్రంలోకి వెళ్తాయి.
ఎవరు పెట్టారో గాని ఆ మాట మంచిది.
పిల్ల మీద ఎక్కడ రాయాలో తెలీదు.

ఆదివారం మాత్రలు వేశాక అన్నని
జాలరిపేట వైపు నడిపించుకెళ్లాను.
పడవ నీడలో కూలబడి, చాలాసేపటికి,
"ఒరే, నీకినబడతందేటి?" అన్నాడు.

ముప్పై ఏళ్లుగా నా జవాబు ఒకటే:
ఏటీ నేదన్నా, నీ బెమ.
ఈసారి నోరు తెరవలేదు. చెవి పెట్టాను.
కెరటం. కాకులు. దూరంగా ఇసక తోడే మోత.
"డ్రెడ్జరు" అన్నాను.

"అదే. పొద్దుట్నుంచీ బుర్ర తినేస్తంది."