ఉప్పురవ్వ

రాత్రి ట్రామును డిపోలో వదిలి
ఒస్త్రావా మంచు అంటిన బూట్లతోనే
బొహుమిలా తొట్టి ముందు వంగుతుంది.
మేత తర్వాత. ముందు చూపు.

నిన్న ఒక టెట్రా రాయికి ఒళ్లు రాసుకుంది.
ఆటేమో అనుకుంది.
ఇవాళ తోకమీద ఉప్పురవ్వ.
ఒకటే.

తప్పు తనదే. కొత్త చేపను
మూడువారాలు వేరే తొట్టిలో ఉంచకుండా
ముచ్చటపడి కలిపేసింది.

నీటి వేడి మెల్లగా పెంచింది, మందు కొలిచింది,
అడుగు మురికి గొట్టంతో లాగింది.

అయిదోరోజు తోక అద్దంలా ఉంది.
"తగ్గిందిగా!" అన్నాడు పక్క ఫ్లాట్ రాదిమ్.

"రాలింది,"
గులకరాళ్లకేసి చూస్తూ అందామె.
"పిల్లలు పెట్టి లేస్తుంది, ఒళ్లు వెతుక్కుంటూ.
మందుకు చిక్కేది అప్పుడే."

మళ్లీ సీసా మూత తిప్పింది.
పెదవులతో చుక్కలు లెక్కపెడుతోంది,
స్టాపులు లెక్కపెట్టినట్టు.