టేపు లేని రోజు

షార్జా, రోల్లా బజార్ల
పది కిలోల బియ్యం సంచికి ఒక కూపన్ ఇచ్చిండ్రు.
పేరు రాసి డబ్బల ఏసి మర్చిపోయిన.
మూడు వారాలకు ఫోనొచ్చింది:
గంగామణీ, నీకు ఓడ తగిలిందని.

ఓడ తగిలితే దెబ్బ తగలాలె గాని
టికెట్లు తగిలినయి, రెండు.
మా కుట్టుషాపుల గుండీలు కుట్టే మర్జానను ఎంటవెట్టుకపోయిన.
ఆమె దుబాయి రేవు దాటకముందే
ముక్కుకాడ నిమ్మకాయ పెట్టుకొని మంచానికి అతుక్కున్నది.
"నువ్వు పో, నా వంతు గూడ చూసి రా."

అబుదాబి ఎనకవడ్డది, దోహా ఇంకా రాలే.
నడుమ ఉప్పునీళ్లు, ఎండ,
పన్నెండు అంతస్తుల తెల్ల ఇల్లు.
పొద్దుగాల తలుపు కిందికెళ్లి కాయితం తోసిండ్రు:
తొమ్మిదికి కసరత్తు, పదకొండుకు నాట్యం,
మూడింటికి తంబోలా,
ఏడున్నరకు కెప్టెన్ తోని చెయ్యి కలుపుడు.
పన్నెండేండ్ల నుంచి నాకు కాయితమంటే
భుజం, ఛాతి, నడుము, పొడుగు.
సంతోషానికి గూడ టైము రాసిస్తరని
నాకెవరు చెప్పిండ్రు?

కసరత్తుకు పోలే.
ఈతకొలను కాడ నిలవడి చూసిన.
అందరి బట్టలు కలిపినా
నాకు ఒక గంట పని లేదు.

నాట్యం నేర్పే పిల్ల మరీసెల్, ఫిలిప్పీనుది.
జతలు కట్టుండ్రి అన్నది.
నా జత మర్జాన, మర్జాన జత నిమ్మకాయ.
అప్పుడొచ్చింది ఓర్నెల్లా,
డెబ్బై దాటిన ఇటలీ ముసలామె, పెదవులకు ఎర్రరంగు,
నా ముందర చెయ్యి చాపి నిలవడ్డది.
ఆమెకు నా మాట రాదు, నాకు ఆమెది రాదు.
నడుము మీద చెయ్యి పెట్టుండ్రని మరీసెల్ సైగ చేసింది.

టేపు లేకుండ ఒకల నడుము పట్టుకునుడు
నా చేతికి తెల్వదు.
వేళ్లు వాటంతటవే లెక్కవెట్టినయి:
ముప్పైనాలుగున్నర.
ఎడమ పక్క కొంచెం వంపు,
కుట్టేదుంటే లోపల ఒక మడత దాసిపెట్టాలె.
అంతల ఆమె చెయ్యి నా నడుము మీదికొచ్చింది.
ఒళ్లు బిగుసుకున్నది.
ఎంతమందిని కొలిచిన నేను,
నన్నెవరు కొలిచిండ్రు?

ఒకటి రెండు మూడు, ఒకటి రెండు మూడు,
ఒకల కాలు ఒకలం తొక్కుకున్నం, పడి పడి నవ్వినం.
గోడ అద్దంల ఎవరో ఇద్దరు ఆడోళ్లు
మిషను తొక్కినట్టు నేలను తొక్కుతున్నరు.

తంబోలా కాడ నా పక్కన ఖల్ఫాన్ తాత,
రసల్‌ఖైమా ఆయన, అందరికి వచ్చే అంగడి హిందీల మాట్లాడుతడు.
అంకెలు పిలుస్తుంటే నాకు మనుషులు కనవడుతున్నరు.
ఇరవై రెండు: ఒక పెండ్లిపిల్ల చెయ్యి పొడుగు.
నలభై నాలుగు: రొట్టెల కొట్టు ఆయన భార్య, బిగుతంటే ఒప్పుకోదు.
"మా నాయిన గీ నీళ్లల్లనే మునిగేటోడు," అన్నడు తాత,
"ముక్కుకు కొమ్ముతోని చేసిన చిమట, కాలికి రాయి.
పైన తాడు పట్టుకున్నోడు ఊపిరి లెక్కవెట్టేటోడు.
ముత్యాలు ఎన్ని తెచ్చిండో యాదికి లేదు,
ఆయన చెవులు వినరాకుండ అయినయి, అది యాదికున్నది."
నేను అబాయా చేతులకు ముత్యాలు కుడుతా తాతా,
ఒక్కో చేతికి రెండు వందలు, ప్లాస్టిక్‌వి,
అనబోయి ఆగిన.
గంతల ఎవరో ఎగిరి అరిసిండ్రు, ఆట అయిపోయింది.
నా కాయితం మీద యాభై ఎనిమిది
దిద్దకుండ మిగిలింది.
యాభై ఎనిమిది, పొడుగాటి ఆడోళ్ల అబాయా.
ఎన్ని కత్తిరించిన్నో!
పిలిచినప్పుడే ఇనలే.

రాత్రి కెప్టెన్ చెయ్యి కలిపిండు.
తెల్ల కోటు, ఎడమ చేతి మూడో గుండీ దారం వదులైంది.
నా సంచిల సూది ఉన్నది.
చెప్పలే. ఫొటో దిగిన.

దూరంగ నూనెబావి మంట,
నడి సముద్రంల ఎవరో పొయ్యి ఆర్పుడు మరిచినట్టు.
ఓర్నెల్లా పై అంతస్తుకెళ్లి చెయ్యి ఊపింది,
ఒకటి రెండు మూడు, వేళ్లతోని.

గదిల మర్జాన నిద్రవోయింది.
నా మంచం మీద తువ్వాలతోని కోతిని చేసి కూసోవెట్టిండ్రు.
తిప్పి తిప్పి చూసిన:
కుట్టు లేదు, గుండీ లేదు, ముడి గూడ లేదు,
మడత మీద మడత, అంతే, నిలవడ్డది.
మొకం కడుక్కొని
చున్నీతోనే తుడుసుకున్న.