కర్త లేని వాక్యం

ఇక్కడ ప్రతిదానికీ సంజాయిషీ అడుగుతారు.
దుప్పటి మడత అంగుళం పక్కకు జరిగినా,
తినేటప్పుడు కళ్ళు కిటికీ వైపు తిరిగినా,
అడక్కుండా చెమట తుడుచుకున్నా
"రెండు వందల పదహారు! ఎందుకు?"
తల వంచి చెబుతాను. రాసుకుంటారు.
సవాగుచి తెరువో గురించి మాత్రం
ఆరేళ్ళలో ఒక్కరూ అడగలేదు.

హొక్కైడో చలి గోడలోంచి వస్తుంది.
సెల్లులో హీటరు లేదు. చెవులు
జనవరిలో పగిలి ఏప్రిల్‌లో మానతాయి.
నిద్రలోనైనా ముఖం కప్పుకోకూడదు.
ఇదే కాబోలు శిక్ష, వణికినకొద్దీ
బాకీ తీరుతోంది కాబోలు అనుకునేవాణ్ణి.
వణికేవాడికి తన ఒళ్ళు తప్ప
ఇంకొకరి ఒళ్ళు గుర్తుకు రాదు.
చలి నాకు చేసిన మేలు అదే.

పదకొండు ఉత్తరాలు విప్పకుండానే తిరిగొచ్చాయి,
పెట్టెలు చేసి దాచిన కూలితో సహా.
పన్నెండోది విప్పి ఉంది.
"ఆ తెల్లవారుజామున ప్రమాదం జరిగింది"
అన్న చోట ఎర్ర పెన్సిలు గీత.
పక్కన ఆయన భార్య ఫుమియె గారి చేతిరాత:
"ఎవరు చేశారు?"

మంచు కురిసింది. తెల్లవారింది. ప్రమాదం జరిగింది.
ఎంత చక్కగా ఒకే వరసలో నిలబడ్డాయో,
ఎవరి చేతికీ మట్టి అంటకుండా.

మూడు రాత్రులు పట్టింది.
తాగాను. నడిపాను. గుద్దాను.
బండి దిగాను.
ఆయన పంచాల్సిన పేపర్లు మంచు మీద పరుచుకున్నాయి.
చెయ్యి ఒకటి కదిలింది,
వాటిని దగ్గరికి లాక్కుంటున్నట్టు.
చూశాను.
చూసి, మళ్ళీ బండెక్కాను.

కోర్టులో ఈ మాట లేదు.
"తక్షణ మరణం" అన్నాడు నా లాయరు.
నేను తల వంచాను.
వంచిన తలను పశ్చాత్తాపమనుకుని
ఏడాది తగ్గించారు.

ఉత్తరాలు చదివే గార్డు ఒబినాతా
ముద్ర చేతిలో పట్టుకుని చాలాసేపు ఉండిపోయాడు.
"పంపమంటావా?" అన్నాడు.
ఇక్కడ ఎవరూ ఎవరినీ
'అంటావా' అని అడగరు.

పదమూడోది తిరిగి రాలేదు.
జవాబూ రాలేదు.
చెవులు మానుతున్నాయి.

ఆవిడ చదివిందో, పొయ్యిలో వేసిందో.
చదివి ఉంటే
మంచులో కదిలిన ఆ చెయ్యి
ఇప్పుడు ఆవిడ ఇంట్లోనూ కదులుతూ ఉంటుంది,
అన్నం వడ్డించుకునేటప్పుడు,
దీపం ఆర్పాక.

అదీ నేనే చేశాను.